దీపం కింద బూడిద

శిల్పకళ అగ్నికి ఋణపడిన కళ. మట్టిబొమ్మ గట్టిపడాలంటే ఆవం కావాలి. కంచు ప్రతిమ రూపు కట్టాలంటే మూసలో లోహం కరగాలి. నిప్పుతో పని లేదనిపించే రాతి శిల్పానికి సైతం ఉలి మొన కొలిమిలో కాగి పదును తేలవలసిందే. గాయకుడు గొంతు విప్పి పాడి వెళ్లిపోగలడు, కవి చెట్టునీడన కూర్చుని పద్యం చెప్పగలడు. శిల్పి మాత్రం ఎక్కడో ఒకచోట, ఏదో ఒకటి మండనిదే తన మాట పూర్తి చేయలేడు. అటువంటి కళ శక్తి వినియోగాన్నే ఇతివృత్తంగా స్వీకరించినప్పుడు ఒక చిక్కు ప్రశ్న ఉత్పన్నమవుతుంది. మండించడం గురించి హెచ్చరించడానికి మండించవచ్చునా? మండిస్తే ఆ హెచ్చరికకు నైతిక బలం మిగులుతుందా?

ఈ ప్రశ్న కేవలం తర్కవినోదం కాదు. 1991లో గల్ఫ్ యుద్ధం నేపథ్యంలో వివాన్ సుందరం ఇంజను నూనెనూ బొగ్గునూ కాగితం మీదికి తెచ్చి ఒక చిత్రశ్రేణిని రూపొందించారు. 2008 డిసెంబరులో '48 డిగ్రీల సెల్సియస్' అనే పేరుతో ఢిల్లీ బహిరంగ స్థలాలలో జరిగిన కళోత్సవం నగర జీవావరణాన్నే విషయంగా తీసుకుంది. అటు తరువాత ఇంధనం, వాతావరణం, చెత్త అనేవి బృంద ప్రదర్శనలకు అలవాటైన అంశాలయ్యాయి. కనుక తెలుగునాటి నుంచి వచ్చి ఢిల్లీ పొలిమేరలోని ఇందిరాపురంలో స్థిరపడి, అద్దెగదిలో పనిచేసుకునే ఒక శిల్పిని ఊహించుకోవడం కష్టం కాదు. మరికొందరు కళాకారులతో కలిసి ఏర్పాటు చేయబోయే ప్రదర్శనకు శక్తి వినియోగంపై నాలుగైదు శిల్పాలు ఆమె సిద్ధం చేయాలి అనుకుందాం. ఆమె ఎదుట నిలిచే మొదటి సమస్య రూపం కాదు, పదార్థం. దేనితో చేయాలి, దేన్ని కాల్చి చేయాలి?

ఈ ప్రశ్నకు ఇందిరాపురం తగిన స్థలమే. ఘాజియాబాద్ అభివృద్ధి సంస్థ తీర్చిదిద్దిన ఈ ఉపనగరంలో పేటల పేర్లు నీతి ఖండ్, న్యాయ ఖండ్, జ్ఞాన ఖండ్, అహింసా ఖండ్, అభయ ఖండ్, వైభవ ఖండ్, శక్తి ఖండ్. ఈ పేర్లు పెట్టిన అధికారి ఎవరోగాని, ధర్మశాస్త్రపు విషయసూచికను ముందు పెట్టుకుని కూర్చున్నట్లున్నాడు. శక్తి ఖండ్ నుంచి న్యాయ ఖండ్‌కు ఆటోలో కొద్ది నిమిషాల దారి. అర్థంలో ఆ రెంటి నడుమ దూరం అంత తక్కువ కాదు. ఎత్తైన గృహసముదాయాలు, వరుసలు తీరిన ఏసీ పెట్టెలు, కరెంటు పోయిన మరుక్షణం గుర్రుమనే జనరేటర్లు అక్కడి వేసవి దృశ్యం. ఇంతటి శక్తి ఖర్చయ్యే చోట నిప్పు మాత్రం ఎక్కడా కనిపించదు. పొగగొట్టం లేదు, బూడిద తట్ట లేదు. శక్తి గోడలోని ప్లగ్గు నుంచి వస్తుంది. నెలాఖరున బిల్లు రూపంలో తప్ప మరోవిధంగా దర్శనమివ్వదు.

ప్రాచీన ధర్మశాస్త్రకారులు గృహస్థుకు తప్పని అయిదు హింసాస్థానాలను గుర్తించి వాటిని పంచసూనాలన్నారు. సూన అంటే వధ్యస్థానం. పొయ్యి, నూరుడు రాయి, చీపురు, రోలు, నీటికుండ అనేవి ఆ అయిదు. అన్నం వండుకున్నా, ఇల్లు ఊడ్చుకున్నా ఏదో ఒక ప్రాణికి హాని తప్పదని వారి అభిప్రాయం. ఈ జాబితా కంటె దానిపై వారిచ్చిన తీర్పు ఎక్కువ ఆసక్తికరం. పొయ్యి ఆర్పివేయమని వారు చెప్పలేదు. పొయ్యి వెలిగించడంలో దోషమే లేదనీ చెప్పలేదు. తప్పని హాని ఋణమవుతుందని, అధ్యయనం, తర్పణం, హోమం, భూతబలి, అతిథిసత్కారం అనే అయిదు విధులతో ఆ ఋణాన్ని ఏ రోజుకారోజు తీర్చుకోవాలని చెప్పారు. ఆ శాస్త్రాలలో నేటి వివేకం అంగీకరించలేనివి ఎన్నో ఉన్నాయి. ఈ ఒక్క ఆలోచన మాత్రం కొలిమి ముందు సందేహంతో నిలిచిన శిల్పికి సూటిగా వర్తిస్తుంది. నిర్దోషిత్వం సాధ్యమా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఋణం ఎవరికి, ఎంత అన్నదే ప్రశ్న.

అయితే ఆ సిద్ధాంతంలో పైకి చెప్పని షరతు ఒకటి దాగి ఉంది. ఆ అయిదు స్థానాలూ ఇంటి లోపలే ఉన్నాయి. పొయ్యి వెలిగించిన వారికే ఆ పొగ తగిలేది. (అది గృహస్థు కళ్లకంటె గృహిణి కళ్లను ఎక్కువగా మండించింది, ఆ భేదాన్ని శాస్త్రకారులు లెక్కకు తీసుకోలేదు.) హాని కళ్లెదుట జరిగేది కనుక దాన్ని గుర్తుచేసుకోవడానికి ప్రత్యేక ప్రయత్నం అవసరం లేకపోయింది.

ఇందిరాపురపు పొయ్యి ఇందిరాపురంలో లేదు. తూర్పున సుమారు పాతిక కిలోమీటర్ల దూరాన, దాద్రీ వద్ద, జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ వారి కేంద్రం ఉంది. 1990ల తొలి సంవత్సరాలలో పని ప్రారంభించిన ఆ కేంద్రంలో బొగ్గుతో నడిచే విభాగాల సామర్థ్యం 1,820 మెగావాట్లు. జార్ఖండ్‌లోని పిపర్వార్ గని బొగ్గును దృష్టిలో పెట్టుకుని దాన్ని నిర్మించారు. అయినా ఇందిరాపురంలో వెలిగే ఒక దీపాన్ని చూపి ఇది దాద్రీ బొగ్గేనని ఎవరూ చెప్పలేరు. జాతీయ గ్రిడ్‌లో చేరిన విద్యుత్తు చెరువులో కలిసిన వాననీటి వంటిది. ఏ చుక్క ఏ మబ్బుదో తేలదు. రామగుండం బొగ్గు, శ్రీశైలం నీరు, రాజస్థాన్ ఎండ అన్నీ ఆ చెరువులోనివే. ఇంజనీరుకు ఇది గొప్ప సౌకర్యం. నీతి గురించి ఆలోచించేవారికి ఇదే అసలు చిక్కు. హాని అందరిదీ అయినప్పుడు అది ఎవరిదీ కాకుండా పోతుంది. వినియోగదారు అబద్ధమాడనక్కరలేదు, అతనికి నిజం తెలియవలసిన సందర్భమే రాదు.

ఈ నేపథ్యంలో ఒక నిబంధన గమనార్హం. 2023 జనవరి 1 నుంచి రాజధాని ప్రాంతంలోని పరిశ్రమలలో బొగ్గు వాడరాదని వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ ఆదేశించింది. థర్మల్ విద్యుత్ కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది. చలికాలపు ఢిల్లీ గాలి ఎరిగినవారెవరూ ఈ ఆదేశాన్ని తప్పుపట్టరు. చిన్న కొలిముల పొగ నేల మట్టానే, జనం ముక్కుల ముందే తిరుగుతుంది; దాన్ని పట్టి ఆపే సాధనం వాటికి ఉండదు. కాగా, ఈ ఆదేశపు ఫలితంగా లోహం పోతపోసేవారు గ్యాస్ కొలిమికో విద్యుత్ కొలిమికో మారాలి. విద్యుత్ కొలిమి పెట్టుకుంటే పనిచోటు పరిశుభ్రం, గోడలకు మసి పట్టదు. బొగ్గు మాత్రం మండకుండా పోలేదు. అది మండే చోటు మారింది. ఈ మార్పు గాలికి మేలే చేసింది. చూపుకు మేలు చేసిందో లేదో వేరే విషయం.

మనిషి నైతిక దృష్టికి ఒక పాత బలహీనత ఉంది. అది మంటను చూడగలదు, మీటరును చూడలేదు. దీన్ని ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. ఇందిరాపురానికి ఆనుకుని ఉన్న సాహిబాబాద్ పారిశ్రామిక ప్రాంతంలో శిల్పి రామ్ సుతార్ పోతశాల ఉంది. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆయన, ఆయన కుమారుడు అనిల్ సుతార్ చేతిపని. దాని కంచు భాగాలు ఢిల్లీ పరిసరాలలో తయారై, లారీలపై తెలుగునేలకు చేరాయి. విగ్రహానికి పట్టిన కంచు రమారమి 100 టన్నులు. ఇంత లోహాన్ని కరిగించిన మంట ఎంత భయంకరమైనదో అని ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క వేస్తే వేరే చిత్రం కనిపిస్తుంది. కిలో కంచును మామూలు వేడి నుంచి కరిగేదాకా తీసుకుపోవడానికి భౌతికశాస్త్రం అడిగేది యూనిట్ విద్యుత్తులో సుమారు ఆరో వంతు శక్తి మాత్రమే. 100 టన్నులకు పదహారు, పదిహేడు వేల యూనిట్లు. కొలిములు వేడిని విపరీతంగా వృథా చేస్తాయి కనుక దీన్ని అయిదారు రెట్లు చేసి లక్ష యూనిట్లనుకున్నా, అది ఒక వేసవి నాలుగు నెలలూ రోజుకు ఎనిమిదేసి గంటలు నడిచే వంద ఏసీల ఖర్చుకు సమానం. ఇందిరాపురంలో ఒక పెద్ద గృహసముదాయంలో అంతకంటె ఎక్కువ ఏసీలే ఉంటాయి. విగ్రహం ఒకసారి కరిగి దశాబ్దాలు నిలుస్తుంది. ఏసీ వేసవి తరువాత మరో వేసవి వస్తుంది.

ఈ లెక్క మహావిగ్రహాలకు సమర్థన కాదు. మొహంజొదారోలో దొరికి, ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఉన్న నర్తకి కంచుబొమ్మ ఎత్తు 10.5 సెంటీమీటర్లు. కళ ఘనతకు అడుగుల కొలత వర్తించదని చెప్పడానికి ఆ చిన్న బొమ్మ చాలు. పై లెక్క చెప్పేది మరొకటి. కొలిమి మంటను చూసి సిగ్గుపడే శిల్పి తప్పు చోట సిగ్గుపడుతున్నది. అసలు ఖర్చు అంతకు ముందే, కనిపించని చోట అయిపోయింది. రాగిని గని నుంచి తవ్వి, పొడి చేసి, శుద్ధి చేసి కడ్డీ చేయడానికి పట్టే శక్తి, ఆ కడ్డీని తిరిగి కరిగించే వేడికి ఎన్నో రెట్లు.

అల్యూమినియం విషయంలో ఈ భ్రమ మరింత స్పష్టం. 660 డిగ్రీల వద్దే కరిగే ఆ లోహం శిల్పికి సాధువుగా కనిపిస్తుంది. రాగికి 1,085 డిగ్రీలు కావాలి. కాని ముడి ఖనిజం నుంచి ఒక కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 14 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. చల్లని కొలిమిలో కరిగే లోహం అంతకుముందే ఒక విద్యుత్ కేంద్రాన్ని తాగి వచ్చింది. నిప్పే అక్కరలేని సిమెంటు శిల్పాన్ని ఎంచుకుందామంటే, సిమెంటు రాయి బట్టీలో దాదాపు 1,450 డిగ్రీల వేడికి కాలి వచ్చినదే. 1938లో రాంకింకర్ బైజ్ శాంతినికేతన్‌లో కంకర, సిమెంటు కలిపి నిలిపిన సంథాల్ కుటుంబం దేశపు శిల్పచరిత్రలో మలుపు అనడంలో సందేహం లేదు. ఆ కుటుంబం వెనుకా ఒక బట్టీ ఉంది. విశాఖపట్నంలో రవీందర్ రెడ్డి ఫైబర్‌గ్లాసుతో చేసిన స్త్రీమూర్తుల బృహత్ శిరస్సులకు ప్రపంచఖ్యాతి లభించింది. ఆ పదార్థంలోని రెజిన్ పెట్రోలియం సంతానం. ఏ పదార్థం చేత పట్టినా వెనుక ఒక మంట ఉంటుంది.

చేతులు కాలకుండా తప్పించుకునే మార్గంగా చాలామంది తుక్కును ఎంచుకుంటారు. తెనాలి శిల్పులు పాత నట్లు, బోల్టులు, గొలుసులు కూర్చి నిలిపిన గాంధీ విగ్రహం వంటివి చూసినవారికి ఆ ఓర్పు పట్ల గౌరవం కలుగుతుంది. ఢిల్లీ సరాయ్ కాలేఖాన్ వద్ద 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఉద్యానంలో ప్రపంచ వింతలు ఏడింటిని తుక్కు ఇనుముతో చేసి నిలబెట్టారు. దాని దీపాలకు సౌరశక్తిని కూడా జతచేశారు. ఇవి మంచి పనులే. అయితే తుక్కు ఎంచుకోవడం వేరు, తుక్కును ఎంచుకున్నాను కనుక నాకు ఋణం లేదనుకోవడం వేరు. తుక్కు ఇనుము అనాథ కాదు. ఆ ఇనుమును శిల్పం చేయకపోతే కొలిమికి చేరి మళ్లీ కడ్డీ అయ్యేది. అంతకంటె ముఖ్యంగా, అనవసరంగా కొన్నదాన్ని పారవేసినవారికి ఈ శిల్పాలు తెలియకుండానే ఒక ఊరట ఇస్తాయి. తాము పారేసినది ఎక్కడో అందమైన వస్తువుగా మారుతున్నదన్న ఊరట అది. శక్తి వినియోగంపై శిల్పం ప్రేక్షకుణ్ణి అంత సులభంగా ఇంటికి పంపవచ్చునా?

ఇతర దేశాలలో ఈ ప్రశ్న మరో రూపంలో వచ్చింది. 2015 డిసెంబరులో పారిస్‌లో వాతావరణ సదస్సు జరుగుతున్న సమయంలో ఓలఫుర్ ఎలియాసన్ అనే కళాకారుడు గ్రీన్‌లాండ్ సముద్రపాయలో తేలుతున్న మంచుగడ్డలు 12 తెప్పించి నగర కూడలిలో గడియారపు అంకెలవలె పేర్చాడు. జనం వాటిని తాకారు, చెవి ఆనించి విన్నారు, అవి కరిగిపోయాయి. మంచును కాపాడాలని చెప్పడానికి మంచును ఓడలో, శీతల పెట్టెలలో మోసుకురావడమా అన్న ఆక్షేపణ రావడం సహజం. ఎలియాసన్ ఆ ఖర్చును దాచలేదు. ఆ ప్రదర్శన వల్ల వెలువడిన ఉద్గారాలు సుమారు 30 టన్నుల కార్బన్ డయాక్సైడుతో సమానమని లెక్క కట్టించి ప్రకటించాడు. ఇది నిజాయితీయే, కాని సగం నిజాయితీ. అంకె ఎంతో తెలిసింది. ఆ 30 టన్నుల భారం ఎవరి మీద పడిందో తెలియలేదు. లెక్క చెప్పడంతోనే అప్పు తీరిపోయిందన్న భావన కలగడం ఇటువంటి పట్టికల ప్రమాదం. ఆయనకంటె ముప్ఫై ఏళ్ల ముందు, 1985లో, జోసెఫ్ బాయిస్ ఒక పసుపుపచ్చ బల్బును నిమ్మకాయకు తగిలించి శిల్పమన్నాడు. ఆ నిమ్మకాయతో ఆ బల్బు వెలగదు. అయినా దీపానికీ దాని మూలానికీ మధ్య ఉన్న తీగను తీసివేసి రెంటినీ ఒకేచోట పెట్టిన ఆ చిన్న వస్తువు, పెద్ద ప్రదర్శనలు చెప్పలేనిది చెబుతుంది.

దీపాన్నీ మూలాన్నీ ఒకేచోట చూపడమనే పని తెలుగు చేతివృత్తులలో ప్రయత్నం లేకుండానే జరుగుతూ వచ్చింది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మను తిప్పుడు యంత్రంపై తిప్పుతూ లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఒరిపిడికి పుట్టిన వేడితోనే లక్క కరిగి బొమ్మకు పట్టుకుంటుంది. తిప్పే శక్తి ఎంతో, పుట్టే వేడి ఎంతో, అంటే రంగు ఎంతో పనివాడి చేతికే తెలుస్తుంది. ఒకప్పుడు చేతితో తిప్పే తాడు ఉండేది, తరువాత మోటారు వచ్చింది. వేడి మాత్రం చేతికింద పుట్టేదే. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఉషేగావ్, కేస్లగూడ గ్రామాల ఓజాలు మట్టి దిమ్మపై మైనపు తీగలు చుట్టి, పైన మట్టి పొదిగి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి నింపుతారు. సంస్కృత గ్రంథాలు మధూచ్ఛిష్ట విధానం అన్నది దీన్నే. పన్నెండవ శతాబ్దపు చాళుక్యరాజు సోమేశ్వరుని పేర ఉన్న మానసోల్లాసంలో మైనం తూకాన్ని బట్టి పోయవలసిన లోహం తూకం నిర్ణయించే లెక్క ఉంది. ఆ లెక్కలో మైనం తూగుతుంది, లోహం తూగుతుంది. నిప్పు తూకానికి రాదు. అప్పట్లో దాన్ని తూచవలసిన అవసరం ఎవరికీ తోచకపోవచ్చు. కట్టెలు తెచ్చినవాడూ, ఊదినవాడూ, బూడిద ఎత్తినవాడూ ఒక కుటుంబంలోనివారే.

కొండపల్లిలో పరిస్థితి వేరు. తెల్ల పొణికి కర్రను సన్నని సెగపై ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికించి బొమ్మ చేసే ఆ ఊరికి ఖర్చయ్యే శక్తి బహుస్వల్పం. ఆ ఊరి పక్కనే ఇబ్రహీంపట్నంలో 1979లో మొదలైన థర్మల్ విద్యుత్ కేంద్రం, నేటి డాక్టర్ నార్ల తాతారావు కేంద్రం, రాష్ట్రమంతటికీ వెలుగునిచ్చింది. బూడిద మాత్రం రాష్ట్రమంతటికీ పంపిణీ కాలేదు. అతి తక్కువ నిప్పుతో బొమ్మ చేసేవారి ముంగిట అతి పెద్ద పొయ్యి ఉంది. ఆ పొయ్యి మీద వండిన అన్నం తిన్నవారు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. ఇందిరాపురానికీ దాద్రీకీ, దాద్రీకీ పిపర్వార్ గనికీ ఉన్న సంబంధం ఇదే. పంచసూనాల శాస్త్రకారుడు నేడు వ్రాస్తే, పొయ్యి ఒకరింటిలో, పొగ మరొకరింటిలో ఉన్నప్పుడు ఋణం ఎలా తీర్చాలో చెప్పవలసి వచ్చేది.

ఇక్కడ ఒక ప్రత్యాక్షేపణను పక్కన పెట్టడానికి వీలులేదు. శక్తి వినియోగాన్ని దోషంగా చిత్రించే కళ ఎవరిని నిందిస్తున్నది? 2023-24లో దేశంలో తలసరి విద్యుత్ వినియోగం సుమారు 1,400 యూనిట్లు. ప్రపంచ సగటు దీనికి రెట్టింపు పైన. 2017లో ప్రారంభమైన సౌభాగ్య పథకం కింద 2.8 కోట్లకు పైగా ఇళ్లకు విద్యుత్ కనెక్షన్లు ఇచ్చారు. మొదటిసారి ఫ్యాను కింద పడుకున్న పసిబిడ్డ, మొదటిసారి దీపం కింద పాఠం చదివిన పిల్ల, మొదటిసారి పొగ లేని వంటింట్లో నిలిచిన తల్లి, వీరి వినియోగాన్ని వ్యంగ్యంగా చూపే శిల్పం కళ అనిపించుకోవచ్చునేమో గాని న్యాయం అనిపించుకోదు. ఢిల్లీ మే నెలలో పైకప్పు రేకుల కింద నివసించే కూలీకి కూలరు విలాసం కాదు. ప్లగ్గులు, తీగలు మెడకు చుట్టుకున్న మనిషి బొమ్మ ఇటువంటి ప్రదర్శనలలో తరచుగా కనిపిస్తుంది. ఆ బొమ్మలోని మనిషి ఎవరో శిల్పి తేల్చుకోలేదు కనుకనే అది అందరినీ సమానంగా నిందించి, ఎవరినీ తాకకుండా పోతుంది. వినియోగం తప్పు అనడం సులభం. ఎవరి వినియోగం ఎవరి ముంగిట బూడిదగా రాలుతున్నదో చూపడం కష్టం. శిల్పి చేయదగిన పని అదే.

కాబట్టి ఇందిరాపురపు శిల్పి బూడిదనే పదార్థంగా తీసుకుంటే, అది తప్పించుకునే మార్గం కాకుండా ఎదుర్కొనే మార్గమవుతుంది. భారతీయ బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తు తీయడానికి ముప్పాతిక కిలోకు కొంచెం తక్కువగా బొగ్గు పడుతుంది. అందులో మూడో వంతు బూడిద. అంటే యూనిట్‌కు దాదాపు పావు కిలో. విద్యుత్తంతా బొగ్గుదే అనుకుని లెక్క వేస్తే, గ్యాలరీలో శిల్పంపై పడే 20 వాట్ల దీపం రోజుకు ఎనిమిది గంటల చొప్పున పది రోజులు వెలిగితే 400 గ్రాముల బూడిద అవుతుంది. అది నాలుగైదు గుప్పిళ్లు. ఆ దీపం కిందనే పోసి పెట్టవచ్చు. దీపం కింద చీకటి అనే నానుడి తెలుగువారికి కొత్తది కాదు. ఆ చీకటికి ఒక తూకం ఉందని ప్రేక్షకుడికి అప్పుడు తెలుస్తుంది. అదే హాలును చల్లబరచే 10 కిలోవాట్ల ఏసీ యంత్రాలకు అదే పది రోజులలో 800 యూనిట్లు ఖర్చయితే దాని వాటా 200 కిలోలు, అంటే నాలుగు సిమెంటు బస్తాలు. ఆ కుప్పను హాలు నడుమ పోస్తే శిల్పాలు చూడవచ్చినవారు దాన్ని చుట్టి నడవవలసి వస్తుంది. కుప్ప పక్కన పిపర్వార్, దాద్రీ, ఇబ్రహీంపట్నం, కొండపల్లి అనే పేర్లు ఉంటే, అది అంకెగా మిగలక ఊరుగా మారుతుంది.

బృంద ప్రదర్శన కావడం వల్ల ఇందులో మరో మెలిక ఉంది. ఆ 200 కిలోలు ఒక్కరివి కావు. తోటి కళాకారుల తైలచిత్రాలు, వీడియో తెరలు, నూలు అల్లికలు ఆ చల్లదనంలోనే ఉంటాయి. వచ్చిన అతిథులూ ఆ చల్లదనం అనుభవించినవారే. తమ చిత్రం పక్కన బూడిద కుప్ప ఉండడం ఒక తోటి కళాకారుడికి ఇష్టం లేకపోవచ్చు. అతని అయిష్టంలో అన్యాయమేమీ లేదు. అతడు శక్తి గురించి చిత్రం వేయలేదు, ఋణపత్రంపై సంతకం చేయలేదు. అయినా వాటా అతనికీ ఉంది. గ్రిడ్‌లో విద్యుత్తు కలిసిపోయి బాధ్యత పేరు కోల్పోయినట్లే, ఇక్కడా అది పేరు కోల్పోవచ్చు. తేడా ఒక్కటే. గ్రిడ్‌లోని కోట్లమంది ఒకరికొకరు తెలియరు. ఈ అయిదారుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని టీ తాగుతూ మాట్లాడుకోగలరు. ఏసీని రెండు గంటలు తగ్గిద్దామా, ప్రారంభోత్సవాన్ని సాయంకాలపు వెలుతురులో ఆరుబయట జరుపుదామా, దీపాలు లేకుండా పగటి వెలుగులో నిలవగల చిత్రం ఏది, నిలవలేనిది ఏది వంటి సంగతులు అక్కడ తేలతాయి. ఆ సంభాషణ కేటలాగులో అచ్చు కాదు. శిల్పం చేయగలిగిన మంచిలో ఎక్కువ భాగం మాత్రం అక్కడే జరగవచ్చు.

మిగిలింది బూడిద సంగతి. థర్మల్ కేంద్రాల నుంచి వెలువడే బూడిదను పూర్తిగా వినియోగంలోకి తేవాలని కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2021 డిసెంబరు 31న నోటిఫికేషన్ జారీ చేసింది. సిమెంటు, రోడ్లు, ఇటుకలు దాని ముఖ్య వినియోగాలు. మట్టి ఇటుకకు బట్టీ కావాలి. బూడిద ఇటుకను సున్నమో సిమెంటో కలిపి, అచ్చొత్తి, నీరు చల్లి గట్టిపరుస్తారు, కాల్చనక్కరలేదు. ప్రదర్శన చివరి రోజున హాలులోని నాలుగు బస్తాలతో అరవై, డెబ్బై ఇటుకల వరకు చేయవచ్చు. వాటిని శిల్పంగా అమ్మాలా, ఎక్కడైనా గోడకు వాడాలా, అసలు బూడిదను దాద్రీ నుంచి తెచ్చిన లారీ కిరాయి ఎవరి ఖాతాలో వ్రాయాలి అనేవి ప్రారంభోత్సవానికి ముందే నిర్వాహకులతో కూర్చుని తేల్చుకోవలసిన విషయాలు.